ఆత్మకు చావు లేదు సరే, మరి మా నాన్న?

సుజాత_తణుకు | ఆదివారం, రాత్రి 9:52

అందరికీ నమస్కారం. ఇక్కడ ఇన్నాళ్లూ చదవడమే కానీ, రాయడం ఇదే మొదలు.

మా నాన్న పోయి ఇవాళ్టికి ఇరవై మూడు రోజులు. ఆయనకు ఊళ్లో రేడియోలు బాగుచేసే చిన్న షాపు ఉండేది. రేడియోల కాలం పోయాక మిక్సీలు, ఫ్యాన్లు. ఏది బాగుచేసినా చెవి దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకుని ఓ నిమిషం వినేవారు. తర్వాత "పలుకుతోంది" అనేవారు. బాగైంది అని ఎప్పుడూ అనలేదు. మిక్సీకైనా అదే మాట.

పదకొండో రోజున వచ్చినవాళ్లంతా ఒకటే చెప్పారు. ఆత్మకు చావు లేదమ్మా, చిరిగిన బట్ట విడిచి కొత్త బట్ట కట్టుకోవడమే, ఏడవకు అని. మంచి మనసుతోనే అన్నారు. ఆ రాత్రి గీత రెండో అధ్యాయం తీసి చదివాను. అది పుట్టదు, చావదు, తెగదు, కాలదు, తడవదు, ఎండదు. చదివేకొద్దీ భయమేసింది. అందులో మా నాన్న ఎక్కడా లేరు. కళ్లు మూసుకుని వినే మనిషి లేడు. కొత్త బట్ట కట్టుకున్నాక మా అమ్మ గుర్తుంటుందా? గుర్తు లేకపోతే మిగిలింది ఎవరు?

చదువుకున్నవాళ్లు చెప్పండి. చావు లేనిది ఆత్మ అయితే, నేను పోగొట్టుకున్నది ఏమిటి?

విశ్రాంత_లెక్చరర్ | ఆదివారం, రాత్రి 11:20

అమ్మా, ముందు మీ నాన్నగారికి నా నమస్కారం.

డిగ్రీ కాలేజీలో ముప్పై ఏళ్లు ఈ పాఠమే చెప్పాను. మీరడిగినంత సూటిగా ఎవరూ అడగలేదు. కానీ బృహదారణ్యక ఉపనిషత్తులో మైత్రేయి అడిగింది.

యాజ్ఞవల్క్యుడు ఇల్లు విడిచి వెళ్లబోతూ, ఉన్నదంతా ఇద్దరు భార్యలకూ పంచుతానంటాడు. దేనివల్ల నేను అమృతను కానో దానితో నాకేం పని అంటుంది మైత్రేయి. ఆయన సంతోషించి దగ్గర కూర్చోబెట్టుకుని చెబుతాడు. నీళ్లలో వేసిన ఉప్పుగడ్డ కరిగిపోతుంది. మళ్లీ చేత్తో పట్టి తీయలేం, ఎక్కడ రుచి చూసినా ఉప్పే. అలాగే ఈ చైతన్యం భూతాల నుంచి లేచి, తిరిగి వాటితోపాటే లయమైపోతుందని చెప్పి, చివర ఒక్క మాట అంటాడు: "న ప్రేత్య సంజ్ఞాస్తి". పోయాక సంజ్ఞ ఉండదు. నేను ఫలానా అనే ఎరుక ఉండదు.

అక్కడ మైత్రేయి బెదిరిపోతుంది. ఈ మాటతో నన్ను అయోమయంలో పడేశారే అంటుంది. ఆయన మాత్రం మాట వెనక్కి తీసుకోడు. ఇద్దరున్న చోటే ఒకరు మరొకరిని చూస్తారు, వింటారు; అంతా తానే అయిపోయిన చోట ఎవరు ఎవరిని చూడాలి అంటాడు.

చాలామంది వ్యాఖ్యానం ఆ జవాబు మీదే నడుస్తుంది. నా మనసు మాత్రం ఆవిడ బెదురు దగ్గరే ఆగిపోతుంది. ఈ సంభాషణ ఆ ఉపనిషత్తులో రెండుసార్లు వస్తుంది. రెండు చోట్లా ఆ బెదురును అలాగే ఉంచారు. కాబట్టి మీ భయం చదువు లేక వచ్చింది కాదు.

మీరు పోగొట్టుకున్నదానికి శాస్త్రంలో పేరుంది: నామరూపాలు, అంటే ఆ పేరు, ఆ ఆకారం. అందరిలో ఉన్న ఆత్మ ఒక్కటే అనే అద్వైతం వాటిని నిత్యమని ఎన్నడూ అనలేదు.

హేతువాది_చీరాల | సోమవారం, ఉదయం 6:45

సుజాత గారూ, మీ బాధలో పాలు పంచుకుంటున్నాను. మా అమ్మ పోయి ఆరేళ్లయింది, అయినా నాకు ఆత్మ మీద నమ్మకం రాలేదు. అబద్ధం చెప్పి మిమ్మల్ని ఓదార్చలేను.

ఆత్మను ఒప్పుకోని మన పాతకాలపు నాస్తికులు, చార్వాకుల పోలిక ఒకటుంది. ఆకు ఎరుపు కాదు, వక్క ఎరుపు కాదు, సున్నం ఎరుపు కాదు. మూడూ కలిపి నమిలితే నోరు పండుతుంది. ఆ ఎరుపు ఎక్కడి నుంచి వచ్చింది? బయటి నుంచి ఎవరూ తెచ్చి పొయ్యలేదు. ఉమ్మేశాక అదెక్కడికి పోయిందని ఎవరూ వెతకరు. మనిషిలో చైతన్యం కూడా అలాంటిదే అన్నారు వాళ్లు. మీ నాన్నగారు పలుకుతోంది అనే ఆ క్షణం ఆయన చెవి, చెయ్యి, నలభై ఏళ్ల అనుభవం, అన్నీ కలిస్తే పండిన ఎరుపు. అది నిజంగా ఉంది, నిజంగా పోయింది. ఎక్కడో ఉందనుకోవడం కంటే, పోయింది అని ఏడవడమే ఆయనకు గౌరవమని నాకనిపిస్తుంది.

డేవిడ్ హ్యూమ్ అనే స్కాట్లండ్ తత్వవేత్త 1776లో చావుబతుకుల్లో ఉన్నప్పుడు, ఆ జులై 7న బాస్వెల్ అనే రచయిత చూడటానికి వెళ్లాడు. పూర్తిగా లేకుండా పోతానన్న ఆలోచన కలవరపెట్టడం లేదా అని అడిగాడు. ఏమీ లేదు, పుట్టకముందు లేననే ఆలోచన ఎంత బాధిస్తుందో ఇదీ అంతే అన్నాడు హ్యూమ్. కంగారు పడింది చూడటానికి వెళ్లినవాడే.

డల్లాస్_కిరణ్ | సోమవారం, ఉదయం 7:30

నాకు తట్టింది చెప్తాను. నేను ఎలక్ట్రికల్ ఇంజినీర్ని. రేడియో పాడైతే స్టేషన్ ఆగిపోదు కదండీ. పాట రేడియోలో పుట్టదు, రేడియో గుండా వస్తుంది. మెదడు కూడా చైతన్యాన్ని పుట్టించేది కాకుండా అందుకునేది అయి ఉండొచ్చు. ఇదే పద్ధతిలో అమెరికన్ తత్వవేత్త విలియమ్ జేమ్స్ 1897లో హార్వర్డ్‌లో ఒక ఉపన్యాసం ఇచ్చాడు. అప్పటికి ఇళ్లలో రేడియో లేదు కాబట్టి రంగుటద్దం, ఆర్గన్ వాద్యం మీటలు లాంటి పోలికలు వాడాడు. మీ నాన్నగారు రేడియో మెకానిక్ అని చదవగానే అదే గుర్తొచ్చింది.

హేతువాది_చీరాల | సోమవారం, ఉదయం 7:51

కిరణ్ గారూ, రేడియోలో భాగం పాడైతే గరగర వస్తుంది, శబ్దం తగ్గుతుంది. అంతేకానీ వార్తలు చదివేవాడి స్వభావం మారదు. మెదడు దెబ్బతిన్నప్పుడు మనిషే మారిపోతాడు. శాంతంగా ఉండేవాళ్లు బూతులు తిడతారు. కన్నకూతుర్ని ఎవరు నువ్వు అంటారు. మా అమ్మ చివరి రెండేళ్లూ అదే జరిగింది. స్టేషన్ బాగానే ఉంది, సెట్టే పాడైందని ఆ రెండేళ్లూ అనుకోవాలని చూశాను. కుదరలేదు.

సుజాత_తణుకు | సోమవారం, మధ్యాహ్నం 1:15

మాస్టారూ, మైత్రేయి గురించి చెప్పినందుకు చాలా థ్యాంక్స్. రెండుసార్లు చదివాను.

కిరణ్ గారూ, మా మావయ్య కూడా రేడియో పోలికే చెప్పారు. కానీ నాన్న షాపుకి వచ్చేవాళ్లు స్టేషన్ కోసం వచ్చేవారు కాదండి. కొత్త సెట్టు కొనుక్కోవచ్చు కదా అంటే, "ఇది మా ఆయన పెళ్లికి కొన్నది, ఇదే పలకాలి" అనేవాళ్లు. నేనూ అదే అడుగుతున్నాను.

డల్లాస్_కిరణ్ | సోమవారం, రాత్రి 8:05

అర్థమైందండి. జేమ్స్‌ని కూడా సరిగ్గా ఇదే అడిగారట. నువ్వు మిగిల్చింది ఏదో మహాచైతన్యం, అందులో మా మనుషులు ఏరి అని. రెండో ముద్రణకు ముందుమాటలో దానికి సమాధానం రాశాడు: తెర వెనకాల ఒక్కటే ఉందని నేననలేదు, ఎవరికి వారుగా ఎన్ని మనసులైనా ఉన్నాయని ఊహించుకోవచ్చు అని. ఊహించుకోవచ్చు అన్నాడు, అంతే. రుజువు చూపించలేదు.

అహోబిలం_వరద | సోమవారం, రాత్రి 8:40

లెక్చరర్ గారికి నమస్కారాలతో ఒక సవరణ. వారు చెప్పింది అద్వైతం. అదొక్కటే వేదాంతం కాదు.

సుజాత గారు చదివిన ఆ రెండో అధ్యాయంలోనే, బట్టల శ్లోకం కంటే చాలా ముందు, పన్నెండో శ్లోకం ఉంది. నేను లేని కాలం లేదు, నువ్వు లేని కాలం లేదు, ఈ రాజులు లేని కాలమూ లేదు. ఇకముందు మనమెవ్వరం లేకుండా పోము. రామానుజులవారు ఇక్కడ గట్టిగా నిలబడ్డారు. నేను, నువ్వు, వీళ్లు అని భగవంతుడే విడివిడిగా చెప్పాడు కాబట్టి జీవులు వేరువేరు, ఆ వేరు అబద్ధం కాదు అన్నారు. 'నేను' అనే ఎరుకే ఆత్మ, మోక్షంలో కూడా అది చెరిగిపోదు. ఉప్పు కరిగిపోయినట్టు మీ నాన్నగారు కరిగిపోలేదమ్మా. మా సంప్రదాయంలో ఎవరైనా పోతే పరమపదించారు అంటాం. వెళ్లింది ఆయనే.

విశ్రాంత_లెక్చరర్ | సోమవారం, రాత్రి 10:10

వరద గారి సవరణ న్యాయమైనదే, ఒప్పుకుంటున్నాను. మోక్షం సంగతి అలా ఉంచి, మళ్లీ జన్మ ఎత్తితే మాత్రం జ్ఞాపకం ఉండదనే మాట ఇద్దరికీ సమ్మతమే. సుజాత గారి ప్రశ్నలో ఆ సగం అలాగే ఉంది.

చీరాల మిత్రుడి తాంబూలం చదివితే నాకు గ్రీకుల వీణ గుర్తొచ్చింది. క్రీ.పూ. 399లో సోక్రటీస్‌కి విషం ఇచ్చిన రోజున జైల్లో జరిగిన సంభాషణను ప్లేటో 'ఫీడో' అనే పేరుతో రాశాడు. ఆత్మ అమరమని సోక్రటీస్ వాదిస్తుంటే అక్కడున్న మిత్రుల్లో సిమ్మియస్ అనేవాడు అడ్డుతగులుతాడు. వీణలోంచి వచ్చే శ్రుతి కంటికి కనపడదు, చాలా అందమైనది. అయినా వీణ విరిగితే శ్రుతి బతుకుతుందా? ఆకు వక్క సున్నం వాదమే ఇది. సెబీస్ అనే మరో మిత్రుడు ఇంకో మెట్టు ఎక్కుతాడు. సాలెవాడు ఎన్నో బట్టలు నేసి, కట్టి, చించుతాడు. ఆఖరి బట్ట మాత్రం అతనికంటే ఎక్కువ కాలం ఉంటుంది. ఆత్మ కూడా చాలా శరీరాలు మార్చి, ఏదో ఒక శరీరం దగ్గర అరిగిపోవచ్చు కదా అని. కొత్త బట్ట పోలికకు ఇంత పదునైన ఎదురు ప్రశ్న నేనింకెక్కడా చూడలేదు.

సోక్రటీస్ ఇద్దరికీ జవాబు చెప్తాడు. శ్రుతి వీణకు ఎదురు తిరగలేదు, ఆత్మ మాత్రం ఆకలిని కూడా అణచగలదు కాబట్టి అది శ్రుతి లాంటిది కాదంటాడు. ఆ వాదాలు ఎంత గట్టివన్నది వేరే చర్చ. సెబీస్‌కి ఇచ్చిన చివరి వాదం నాకు ఎప్పుడూ పూర్తిగా రుచించలేదు. కానీ ఆ రచనలో నేను మరువలేనివి రెండున్నాయి. వాదం ఓడిపోయేలా ఉందని అందరూ దిగాలుపడినప్పుడు, సోక్రటీస్ పక్కన కూర్చున్న ఫీడో అనే శిష్యుడి జుట్టు నిమురుతాడు. రేపు నా కోసం ఈ జుట్టు కత్తిరించుకుంటావేమో, మన వాదం చచ్చిపోతే ఇవాళే ఇద్దరం కత్తిరించుకుందాం అంటాడు. రెండోది, విషం తాగాక. ఆత్మ అమరమని రోజంతా విన్నవాడే ఫీడో. అయినా ముఖం కప్పుకుని ఏడుస్తాడు. ఆయన కోసం కాదు, అలాంటి స్నేహితుడు లేకుండా పోయిన నా కోసం ఏడ్చాను అని చెప్తాడు.

సుజాత గారూ, మీరడిగిన "ఏమిటి" అనేదానికి ఫీడో మాట నా దృష్టిలో చాలా దగ్గరి జవాబు.

భాగవతాభిమాని | మంగళవారం, ఉదయం 5:58

మన భాగవతాన్ని ఎవరూ తలుచుకోకపోతే ఎలా? బమ్మెరకు దగ్గర్లో పుట్టినవాణ్ణి, ఊరుకోలేను.

ఆరో స్కంధంలో చిత్రకేతు మహారాజు కథ. తెలుగులో ఈ స్కంధం పోతన గారిది కాదు, ఏర్చూరి సింగన రాశాడు. లేక లేక పుట్టిన కొడుక్కి సవతి తల్లులు విషం పెడతారు. రాజూ రాణీ శవం మీద పడి ఏడుస్తుంటే నారదుడు పోయిన జీవుణ్ణి వెనక్కి పిలుస్తాడు. వీళ్లు నీ తల్లిదండ్రులు, మళ్లీ ఈ ఒంట్లోకి వచ్చి రాజ్యం ఏలుకో అంటాడు. ఆ జీవుడు ఏమంటాడు? ఎన్నెన్నో జన్మల్లో తిరుగుతున్నాను, ఏ జన్మలో వీళ్లు నాకు తల్లిదండ్రులయ్యారు? అని.

చిన్నప్పుడు మా తాత ఈ ఘట్టం చెబితే వైరాగ్యం అనుకున్నాను. నాకు పిల్లలు పుట్టాక చదివితే ఒళ్లు జలదరించింది. ఆత్మ నిజంగా తిరిగొచ్చి మాట్లాడితే ఇలా ఉంటుందన్నమాట. మీరు భయపడింది ఇదే కదమ్మా. కథలో రాజు తేరుకుంటాడు. ఆ మాట విన్నాక ఆ తల్లి ఏమనుకుందో అని మాత్రం నాకు ఇప్పటికీ ఉంటుంది.

ఏడో స్కంధంలో ఇంకో విశేషం. తమ్ముడు హిరణ్యాక్షుడు చచ్చిపోతే తల్లి దితిని, మరదలిని ఓదార్చేది హిరణ్యకశిపుడు. ఆత్మ నిత్యమని, దేహం కోసం ఏడవకూడదని, సుయజ్ఞుడనే రాజు చనిపోతే యముడే చిన్నపిల్లాడిగా వచ్చి రాణులకు బోధించాడని ఎంతో చక్కగా చెప్తాడు. ఒక్క మాట తప్పుపట్టలేం. అంతా చెప్పి, తాను చావకూడదని మందర పర్వతానికి తపస్సుకి వెళ్తాడు! ఒంటితో, పేరుతో, తానుగా ఉండిపోవాలని. ఎంత బోధ తెలిసినా మనిషికి కావలసింది అదేనని ఆ కథ నాకు చెబుతుంది.

గ్రేస్_నల్గొండ | మంగళవారం, సాయంత్రం 6:20

ఇంగ్లీష్ టీచర్‌ని. మా చర్చి వైపు నుంచి ఒక మాట, నా సబ్జెక్ట్ నుంచి ఒక మాట.

మేం కూడా సమాధుల దగ్గర ఆత్మ దేవుడి దగ్గరికి వెళ్లిందనే అంటాం. కానీ విశ్వాస ప్రమాణంలో రోజూ ఒప్పుకునేది శరీర పునరుత్థానం. ఆస్కార్ కుల్‌మన్ అనే వేదపండితుడు 1955లో హార్వర్డ్‌లో ఇదే చెప్పాడు. కిరణ్ గారు చెప్పిన జేమ్స్ ఉపన్యాసం, ఇదీ ఒకే వరుసలోవి. ఆత్మ అమరత్వం గ్రీకుల మాట, కొత్త నిబంధన మాట చనిపోయినవాళ్లు లేవడం. రెండూ ఒకటి కావు అన్నాడు. సోక్రటీస్ చావు ముందు ప్రశాంతంగా ఉన్నాడు, యేసు పట్టుబడే ముందు గెత్సేమనే తోటలో వణికాడు. ఎందుకంటే చావు నిజంగా శత్రువు, బట్ట మార్చుకోవడం కాదు. మా నాన్న చనిపోయినప్పుడు అందరూ ఏడవకు అంటుంటే, మా పాస్టర్ గారు మాత్రం యేసు కూడా స్నేహితుడు లాజరు సమాధి దగ్గర కన్నీళ్లు విడిచాడమ్మా, ఏడువు అన్నారు.

రెండోది ఇంగ్లీషు కవి టెన్నిసన్. స్నేహితుడు ఆర్థర్ హాలమ్ 1833లో 22 ఏళ్లకే వియన్నాలో హఠాత్తుగా చనిపోయాడు. టెన్నిసన్ ఆ దుఃఖాన్ని పదిహేడేళ్లు రాసి 1850లో అచ్చు వేశాడు. అందులో నలభై ఏడో ఖండిక సుజాత గారి ఉత్తరంలాగే ఉంటుంది. విడివిడి మనుషులం చివరికి ఒక మహాత్మలో కలిసిపోతామనడం నాకు రుచించదు, అతన్ని కలిసినప్పుడు ఇతనే అని గుర్తుపట్టాలి అంటాడు. ఎప్పుడైనా క్లాసులో ఈ భాగం చెప్పాల్సి వస్తే నా గొంతు పూడుకుపోతుంది.

ధాన్యకటకం | మంగళవారం, రాత్రి 9:00

క్లుప్తంగా, బౌద్ధుల వైపు నుంచి. మిళింద రాజు నాగసేన భిక్షువుని అడిగాడు: మళ్లీ పుట్టేవాడు వాడేనా, వేరేవాడా? వాడూ కాదు, వేరేవాడూ కాదు. రాత్రంతా వెలిగిన దీపంలో మొదటి జాము మంట, చివరి జాము మంట ఒకటేనా? కాదు. వేరా? కాదు. ఒకదాన్ని ఆనుకుని ఒకటి వెలిగింది. మీ నాన్నగారి నుంచి మీకు అంటుకున్నది ఏదో మీకే తెలుస్తుంది. ఆత్మ లేదన్న బుద్ధుడు కూడా, బిడ్డ శవాన్ని చంకనేసుకుని వచ్చిన కిసాగోతమికి అనాత్మవాదం చెప్పలేదు. చావు లేని ఇంటి నుంచి ఆవాలు తెమ్మన్నాడు. ఇల్లిల్లూ తిరగనిచ్చాడు.

రాత్రి_డ్యూటీ | బుధవారం, తెల్లవారుజామున 3:35

హైదరాబాద్‌లో ఐసీయూ నర్సుని. పద్నాలుగేళ్లు. నాకు వేదాంతం తెలియదు. నేను చూసింది చెప్తాను. చివరి గంటల్లో స్పృహ ఉన్నవాళ్లు ఎక్కడికి వెళ్తున్నాను అని అడగడం నేను చాలా తక్కువ విన్నాను. ఎవరొచ్చారు అంటారు. పెద్దోడు బయల్దేరాడా అంటారు. ఒక పెద్దాయన భార్య చెయ్యి పట్టుకుని గ్యాస్ కట్టేశావా అన్నారు, అదే ఆఖరి మాట. ఆవిడ అది చెప్పుకుని చెప్పుకుని ఏడ్చింది. ఆయనే, అచ్చం ఆయనే అంది.

పాలకొల్లు_పురోహితుడు | బుధవారం, ఉదయం 10:12

అమ్మా సుజాతా, అందరూ తత్వం చెప్పారు. నేను కర్మ చేయించేవాణ్ణి, అందులో ఉన్నది చెప్తాను.

పన్నెండో రోజు మీ ఇంట్లో సపిండీకరణం జరిగే ఉంటుంది. పోయినవారి పేరున పెట్టిన పిండాన్ని మూడు భాగాలు చేసి, వారి తండ్రి, తాత, ముత్తాతల పిండాల్లో కలుపుతాం. అప్పటిదాకా ప్రేత అని పిలిచినవారిని ఆ క్షణం నుంచి పితృదేవత అంటాం. ఇక తర్పణంలో ఆత్మ అనే మాటే రాదమ్మా. గోత్రం చెప్పాలి, పేరు చెప్పాలి. తండ్రి వసురూపం, తాత రుద్రరూపం, ముత్తాత ఆదిత్యరూపం. పేరు చెప్పకుండా నీళ్లు వదలం. మూడు తరాలు. నాలుగో తరం వారి పేరు ఆ వరుసలోంచి వెళ్లిపోతుంది.

గీతలో చెప్పిన ఆత్మకి పేరు లేదు, నిజమే. కానీ మన పెద్దలు మనిషిని ఒక్కసారిగా పేరు లేనిదానిలో కలిపేయలేదు. కొడుకు, మనవడు, మునిమనవడు ఉన్నంతవరకు ఆయన ఆయనగానే, పేరుతోనే ఉంటాడు. ఇంతకంటే నాకు తెలియదు.

కఠోపనిషత్తులో నచికేతుడనే పిల్లవాడు యముణ్ణి ఆత్మ సంగతి మూడో వరంగా అడిగాడు. మొదటి వరం ఏమడిగాడో చూడండి. నేను తిరిగి వెళ్లేసరికి మా నాన్న కోపం తగ్గి, నన్ను గుర్తుపట్టి పలకరించాలి అని.

విశ్రాంత_లెక్చరర్ | బుధవారం, ఉదయం 11:30

ముప్పై ఏళ్లు కఠోపనిషత్తు చెప్పాను. మొదటి వరాన్ని రెండు నిమిషాల్లో దాటేసి మూడో వరానికి పరిగెత్తేవాణ్ణి. పురోహితుల వారికి నమస్కారం.

సుజాత_తణుకు | తొమ్మిది రోజుల తర్వాత, రాత్రి 10:05

అందరికీ వేరువేరుగా రాయలేకపోయాను, క్షమించండి. ప్రతి మాటా చదివాను. అమ్మకి కూడా చదివి వినిపించాను. గ్యాస్ కట్టేశావా అన్న చోట అమ్మ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. భాగవతం మాస్టారూ, ఆ తల్లి ఏమనుకుందో అని మీరు రాశారు కదా, అమ్మ కూడా అదే అడిగింది.

మొన్న మొదటి మాసికం అయింది. పురోహితుల వారు చెప్పాక ఈసారి పక్కన కూర్చుని జాగ్రత్తగా విన్నాను. పన్నెండో రోజున నాకు ఏదీ చెవికెక్కలేదు. నాన్న పేరు, వాళ్ల నాన్న పేరు, తాతగారి పేరు. ఆ పైన ఎవరని అడిగితే మా ఇంట్లో ఎవరికీ తెలియలేదు. భీమవరంలో తొంభై దాటిన పెద్దత్త ఉంది, ఆవిడకి ఫోన్ చేశాను. ఒక్క క్షణం తడుముకోకుండా చెప్పింది. ఆయన నూతుల్లో పూడిక తీయించేవాడట. నాన్న షాపులో బిల్లులు రాసే పుస్తకం ఇంట్లోనే ఉంది, అందులో వెనక పేజీలో రాసిపెట్టాను.

తమ్ముడు దర్భలు పట్టుకుని కూర్చున్నాడు. నాన్న పేరు దగ్గరికి వచ్చేసరికి వాడి గొంతు పెగల్లేదు. ఏదో గొణిగాడు. మా పంతులుగారు ఆగి, "వినపడలేదు నాయనా, గట్టిగా పలుకు" అన్నారు. రెండోసారి పలికాడు. నేను కళ్లు మూసుకుని విన్నాను.